బండ కాదు, పలక



తాండూరులో బండ అంటే బతుకు. ఊరి చుట్టూ నాపరాతి గనులు, రోడ్డుకు అటూ ఇటూ పాలిష్ యూనిట్లు, కోత మిషన్ల కింద నుంచి పారే తెల్లటి బురద నీళ్లు, లారీల్లో నిలువుగా పేర్చిన నీలం బండలు, పసుపు బండలు. మీరిప్పుడు కూర్చున్న గచ్చు కూడా తాండూరు బండదే కావచ్చు. అలాంటి ఊరి నుంచి మా మేనల్లుడు ఒకరోజు రాత్రి ఫోన్ చేసి, "మామా, నా పీఎస్ ఫోర్ బండైపోయింది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. వాడికి రాలేదు.

పీఎస్ ఫోర్ అంటే ప్లేస్టేషన్ 4. టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ డబ్బా. ఇలాంటి యంత్రం అప్‌డేట్ మధ్యలో ఆగి, ఇక ఎంత నొక్కినా లేవకపోతే ఇంగ్లీషువాళ్లు అది 'ఇటుక' అయిందంటారు. తాండూరు పిల్లవాడికి ఇటుకతో ఏం పని? బండ అన్నాడు. మన భాషలో బండబారడం అనే మాట ఉండనే ఉంది.

"ఏమైందిరా?" అన్నాను.

"అప్‌డేట్ పెట్టి ట్యూషన్‌కు పోయిన మామా. నాయనమ్మ ప్లగ్గు పీకేసింది. ఒచ్చి ఆన్ చేస్తే టీవీ నల్లగనే ఉంటుంది."

వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. ఫోన్ ఆమె చేతిలోకి వెళ్లింది. "మృగశిర ఉరుములు ఉరుముతుంటే ప్లగ్గు పీకకుండ ఎట్లుంటరు బిడ్డా? మొన్ననే పక్కింటోళ్ల టీవీ కాలిపాయె. గా డబ్బా లోపల ఏందో రాసుకుంటదంట. నాకేమెరుక?"

ఆమె చేసింది తప్పు కాదు. పిడుగు ఎక్కడో పడినా తీగల వెంట వచ్చే కరెంటు తాకిడికి టీవీలు, ఫ్రిజ్‌లు పోతాయి. ఉరిమితే ప్లగ్గు తీయమని మనమే చెబుతాం. మంచి అలవాటే, కాకపోతే సమయం కుదరలేదు. నేను వికారాబాద్‌లో పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునేవాణ్ని. అందుకే ఆమె చివరి మాట నా మనసులో ఉండిపోయింది. డబ్బా లోపల ఏం రాసుకుంటుంది? రాసుకుంటున్నప్పుడు ఆపితే ఎందుకు బండబారుతుంది? ఈ పూట ముచ్చట అదే.

గేమ్ డబ్బా కూడా ఒక కంప్యూటరే. దానికి ప్రాణం పోసే సాఫ్ట్‌వేర్ కొంత ఫ్లాష్ మెమరీ అనే చిప్‌లో, మిగతాది హార్డ్ డిస్క్‌లో ఉంటుంది. ఫ్లాష్ మెమరీకి ఒక గుణం ఉంది. కాగితం మీద ఒక అక్షరం కొట్టేసి పక్కన ఇంకొకటి రాసినట్టు దానిమీద రాయడం కుదరదు. కొంత భాగాన్ని ముందు పూర్తిగా తుడవాలి, ఆ తర్వాతే కొత్తది రాయాలి. చిన్నప్పుడు మనం పలకను తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ బలపం పట్టినట్టే. ఇప్పుడు ఊహించండి. పలక తుడిచారు. కొత్త లెక్క సగం రాశారు. అంతలో బలపం లాగేసుకున్నారు. పాత లెక్క లేదు, కొత్తది పూర్తి కాలేదు. నాయనమ్మ ప్లగ్గు పీకిన క్షణంలో జరిగింది ఇదే.

సగం ఉంటే సగం పని చేయొచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. చేయదు. ఈ డబ్బాలు లేచే ముందు తమలో ఉన్న సాఫ్ట్‌వేర్ తయారీదారుడు పంపినదేనా, ఒక్క అక్షరమైనా తేడా ఉందా అని సరిచూసుకుంటాయి. అందుకు ఆధారమైన గుర్తునే డిజిటల్ సంతకం అంటారు. సగం సంతకాలున్న దస్తావేజును రిజిస్ట్రార్ ఆఫీసులో ఎలా తిప్పి పంపుతారో, సగం రాసిన సాఫ్ట్‌వేర్‌ను డబ్బా అలా తిప్పి పంపుతుంది. అందుకే తెర నల్లగా ఉండిపోతుంది. చెడిపోయి కాదు, ఒప్పుకోక.

అయితే లోపల పలక ఒక్కటే ఉండదు. అసలు చిప్‌లో, ఫ్యాక్టరీలోనే చెక్కేసిన కొన్ని మొదటి మాటలుంటాయి. వాటిని ఏ అప్‌డేటూ మార్చదు, ఏ కరెంటు కోతా చెరపదు. అది శిలాశాసనం. స్విచ్ వేయగానే యంత్రం ముందు చదివేది దాన్నే. ఆ తర్వాత, మామూలుగా కనబడని ఒక చిన్న అత్యవసర గది ఉంటుంది. దాని పేరు సేఫ్ మోడ్. ఆటలుండే ప్రధాన భాగానికి దూరంగా, వేరుగా దాన్ని ఉంచుతారు. మన పురాణాల్లో శాపం పెట్టిన ముని ఆ నోటితోనే శాపవిమోచనం కూడా చెబుతాడు చూడండి, తయారీదారులూ అంతే. సేఫ్ మోడ్ తెరుచుకున్నంత కాలం అది బండ కాదు, తుడిచిన పలక. సేఫ్ మోడ్ కూడా రాకపోతేనే నిజమైన బండ. ఈ తేడా తెలియక ఎంతోమంది బాగున్న డబ్బాలను తూకానికి వేస్తున్నారు.

ఇది తాండూరులో ఒక్క ఇంట్లో జరిగిన విడ్డూరం కాదు. నింటెండో కంపెనీ వీ యూ అనే గేమ్ డబ్బాను 2012 నవంబరు 18న అమెరికాలో విడుదల చేసింది. పెట్టె విప్పగానే పెద్ద అప్‌డేట్ అడిగింది. గంటకు పైగా సాగుతుంటే విసిగి మధ్యలో ఆపేసినవాళ్ల డబ్బాలు కొన్ని తొలిరోజే బండబారాయి. 2013 జూన్‌లో ప్లేస్టేషన్ 3కి వచ్చిన 4.45 అప్‌డేట్ వేసుకున్నాక, ఎవరూ ప్లగ్గు పీకకపోయినా కొన్ని డబ్బాలు లేవలేదు. ప్లేస్టేషన్ తయారుచేసే సోనీ దాన్ని వెనక్కి తీసుకుని, సరిచేసిన మరో అప్‌డేట్ ఇచ్చింది. అంటే తప్పు ప్రతిసారీ మన చేతిదే కాదు, పంపినవాళ్లదీ కావచ్చు.

తప్పు పంపినవాళ్లదైతే ఎలా ఉంటుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపమున్న అప్‌డేట్‌తో విండోస్ కంప్యూటర్లు నీలితెర వేసుకుని కూలబడ్డాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల కంప్యూటర్లు. ఆ రోజు మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. విమానం గాల్లోకి లేవడానికి చివరికి ఒక బాల్ పెన్ను దిక్కయింది. ఆ కంప్యూటర్లలో చాలావాటిని లేపింది కూడా సేఫ్ మోడే. ఒక్కో కంప్యూటరు దగ్గరికి మనిషి నడిచివెళ్లి, చేత్తో సరిచేయాల్సి వచ్చింది.

ఇంకో ముచ్చట చెప్పి తాండూరుకు వస్తాను. చేతిలో పట్టుకుని ఆడే ప్లేస్టేషన్ పోర్టబుల్ అని ఒకటుండేది. అది బండబారితే లేపడానికి సర్వీసు సెంటర్లవాళ్లు ఒక ప్రత్యేకమైన బ్యాటరీ వాడేవారు. ఆ బ్యాటరీ పెడితే యంత్రం తన లోపలి పాడైన సాఫ్ట్‌వేర్‌ను పక్కనపెట్టి మెమరీ కార్డు నుంచి లేచేది. 2007లో ఆ రహస్యం బయటపడింది. మామూలు బ్యాటరీని కూడా అలా మార్చడం కుర్రాళ్లు నేర్చుకున్నారు. దాన్ని పండోరా బ్యాటరీ అన్నారు. అప్పటిదాకా చనిపోయాయనుకుని మూలన పడేసినవి లేచి కూర్చున్నాయి. దొడ్డిదారి మొదటినుంచీ ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందన్నదే తేడా. ఇప్పటి డబ్బాలకు ఆ తాళంచెవిని మన చేతికే ఇచ్చారు. వాడటం తెలియాలంతే.

సరే, తాండూరు. ఆ మర్నాడు మా బావ డబ్బాను ఒక దుకాణానికి తీసుకెళ్లాడు. దుకాణదారు మూత కూడా విప్పకుండా, "బోర్డు పోయింది, 8 వేలైతది" అన్నాడట. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డబ్బా అది. 8 వేలు పెట్టే ఉద్దేశం మా బావకు లేదు. "ఆ పైసలతో వాని ఫీజు కడత" అన్నాడు. పిల్లవాడు ఆ రాత్రి అన్నం తినలేదని అక్క చెప్పింది. నేను ఆదివారం వస్తానన్నాను.

శనివారం రాత్రి ఇంట్లో కూర్చుని కావలసిన ఫైలు దింపుకున్నాను. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. తయారీదారుడి అసలు వెబ్‌సైటులో రెండు రకాల ఫైళ్లుంటాయి. ఒకటి మామూలు అప్‌డేట్‌ది. రెండోది సాఫ్ట్‌వేర్‌ను మొత్తం మళ్లీ ఎక్కించడానికి, అంటే రీఇన్‌స్టాల్‌కు. ఈ రెండోది పెద్దది, ఒక జీబీకి పైగా ఉంటుంది. బండబారిన డబ్బాకు చాలాసార్లు ఇదే కావాలి. చాలామంది మొదటిది దింపుకుని, పని చేయలేదని చేతులెత్తేస్తారు. మధ్యలో నా నెట్ ఆగింది. మళ్లీ మొదటినుంచి దింపాను. ఈ చిన్న విషయాన్ని మనసులో పెట్టుకోండి, మర్నాడు నా పరువు తీసింది ఇదే.

ఆదివారం పొద్దున చొక్కా జేబులో పెన్‌డ్రైవ్ వేసుకుని వికారాబాద్ జంక్షన్‌లో రైలెక్కాను. ధారూర్, రుక్మాపూర్ దాటి తాండూరు దాకా నలభై కిలోమీటర్లు. కిటికీలోంచి చూస్తే వాన పడ్డ చేలలో కంది విత్తనానికి దుక్కులు దున్నుతున్నారు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఆ నేలలోదే.

ఇంట్లో అడుగుపెట్టేసరికి డబ్బాను ముందు పెట్టుకుని నాయనమ్మ కూర్చుని ఉంది. తప్పు చేసినట్టు ఆమె ముఖం చిన్నబోయి ఉంది. పిల్లవాడు ఆమెతో రెండు రోజులుగా మాట్లాడటం లేదట.

ముందు డబ్బాను పూర్తిగా ఆపి, ప్లగ్గు తీసి, పది నిమిషాలు ఊరికే ఉంచాను. ఒక్కోసారి ఇంతమాత్రానికే డబ్బా తనను తాను సరిచూసుకుని లేస్తుంది. లేవలేదు. అప్పుడు ప్లగ్గు పెట్టి, ముందున్న పవర్ బటన్‌ను వేలితో నొక్కి పట్టుకున్నాను. వెంటనే ఒక బీప్ వినిపిస్తుంది. వేలు తీయకూడదు. దాదాపు ఏడు సెకన్లకు రెండో బీప్ వస్తుంది. అప్పుడు తీయాలి. మొదటి బీప్‌కే తీసేస్తే డబ్బా మామూలుగా లేవబోయి మళ్లీ నల్లతెరే వేస్తుంది. పిల్లవాడు రెండు రోజుల్లో వందసార్లు నొక్కి ఉంటాడు. ప్రతిసారీ మొదటి బీప్‌కే వేలు తీశాడు.

ఏడు సెకన్లు చిన్న లెక్కే. కానీ ఆ ఏడు సెకన్లు ఇంట్లో ఎవరూ ఊపిరి తీయలేదు. రెండో బీప్ వచ్చింది. టీవీ మీద తెల్లటి అక్షరాలు తేలాయి. రిమోట్‌ను, అదే కంట్రోలర్‌ను, తీగతో తగిలించమంది.

"మామా! ఒచ్చింది!"

"అప్పుడే ఎగురకు. ఇది ఆసుపత్రి వరండా, ఇల్లు కాదు" అన్నాను.

తీగ తగిలించాం. డబ్బా గుర్తించలేదు. ఇక్కడ మరో మెలిక. ఫోన్ ఛార్జింగ్ తీగల్లో కొన్నింటికి కరెంటు తీసుకెళ్లడమే వచ్చు, సమాచారం తీసుకెళ్లడం రాదు. చూడ్డానికి రెండూ ఒకటే. అక్క ఫోన్ తీగ పెడితే పని చేసింది. అప్పుడు తెర మీద ఏడు దారులు కనబడ్డాయి. మళ్లీ మొదలుపెట్టు, తెర కొలత మార్చు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యి, అమరికలు మొదటికి తెచ్చుకో, జాబితా తిరగరాయి, అంతా చెరుపు, అంతా చెరిపి సాఫ్ట్‌వేర్ కూడా కొత్తగా ఎక్కించు. ఈ వరసలో ఒక తర్కముంది. పై నుంచి కిందికి వెళ్లేకొద్దీ మందు ఘాటు పెరుగుతుంది. కాబట్టి పై నుంచే మొదలుపెట్టాలి. అయిదో దారి దాకా మీ ఆటలు, మీరు దాచుకున్న ప్రగతి పోవు. ఆరు, ఏడు మాత్రం అంతా తుడిచేస్తాయి.

మూడో దారి పట్టాం. కాసేపు నడిచి ఆగింది. మళ్లీ ఎక్కించాల్సిన ఫైలున్న పెన్‌డ్రైవ్ పెట్టమంది. అంటే మందు ఏడో నంబరే. నేను పిల్లవాడి ముఖం చూశాను.

"చూడరా, ఇది చేస్తే లోపల ఉన్నదంతా పోతుంది. రెండేళ్లు నువ్వు ఆడి దాచుకున్నదంతా. చేయకపోతే డబ్బా ఇట్లనే ఉంటది. నీ ఇష్టం."

వాడు చాలాసేపు మాట్లాడలేదు. రెండేళ్ల క్రికెట్ కెరీర్ మోడ్, వాడు పేరు పెట్టి పెంచిన బ్యాట్స్‌మన్, ఎన్ని సెంచరీలో వాడికే తెలుసు. మనకు ఆటవస్తువు, వాడికి అది రెండేళ్ల కష్టం. ఇలాంటి నష్టాన్ని పెద్దవాళ్లు నవ్వి తీసిపారేయకూడదు.

"మళ్లీ మొదటి నుంచేనా?" అని అడిగింది నాయనమ్మ నెమ్మదిగా.

"అవునత్తమ్మా."

"నేను పీకిన కదా బిడ్డా..." అని వాడి వైపు చూసింది.

వాడు కంట్రోలర్ తీసుకుని ఏడో దారి మీద నొక్కాడు. "పోనీ నాయనమ్మా. ఈసారి బౌలర్‌ను చేస్త" అన్నాడు. రెండు రోజుల తర్వాత ఆమెతో వాడు అన్న మొదటి మాట అది.

ఇప్పుడు నా పరువు సంగతి. పెన్‌డ్రైవ్ పెట్టాం. డబ్బా ఫైలు కనబడలేదంది. తీసి పెట్టాం. కనబడలేదు. రెండో దగ్గర పెట్టాం. కనబడలేదు. పెన్‌డ్రైవ్‌లో పీఎస్4 అనే పేరుతో ఒక ఫోల్డరు, దాని లోపల అప్‌డేట్ అనే ఫోల్డరు, రెండూ ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో, దానిలోపల ఫైలు. అన్నీ సరిగానే పెట్టానని నా నమ్మకం. పిల్లవాడు వాళ్లమ్మ ఫోన్‌కు ఓటీజీ తీగతో పెన్‌డ్రైవ్ తగిలించి చూశాడు. "మామా, పేరు చివర బ్రాకెట్ల ఒకటి ఉంది" అన్నాడు. రాత్రి రెండోసారి దింపాను కదా, కంప్యూటరు అదే పేరుతో రెండోది వచ్చిందని చివర ఒకటి అని తగిలించింది. మనిషైతే ఇది అదేలే అని సర్దుకుపోతాడు. యంత్రానికి పేరులో ఒక్క అక్షరం ఎక్కువైనా పరాయివాడే. వాడు ఆ బ్రాకెట్‌ను, ఆ ఒకటిని తీసేశాడు. ఈసారి డబ్బా ఫైలును చూసింది. వాడు నా వైపు చూసి ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ.

తెర మీద సన్నటి గీత కదలడం మొదలైంది. ఆకాశం మళ్లీ మబ్బు పట్టింది. అందరం కరెంటు వైపు చూశాం. డబ్బాను ఇన్వర్టర్ లైనుకు మార్చాకే ఈ పని మొదలుపెట్టామనుకోండి, అయినా భయం భయమే. అక్క జొన్నరొట్టె, పప్పు వడ్డించింది. నాయనమ్మ మాత్రం తినడానికి రాలేదు. స్విచ్‌బోర్డు పక్కన పీట వేసుకుని కాపలా కూర్చుంది. పక్కింటి పిల్ల ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుంటానని వస్తే, "అవతలికి పో, అది రాసుకుంటుంది" అని తరిమింది.

గీత చివరికి చేరింది. డబ్బా తనంతట తానే ఆగి, మళ్లీ లేచింది. భాష ఏదని అడిగింది, కొత్తగా కొన్నప్పటిలా. బోర్డు పోలేదు. 8 వేలు మిగిలాయి. ఖర్చయింది నా రైలు టికెట్టూ, కాస్త డేటానూ.

శ్రోతలారా, ఈ కథ మీ ఇంట్లో జరగకుండా ఉండాలంటే మేస్త్రీలను అడగండి. స్లాబ్ పోసే రోజు వాళ్లెంత జాగ్రత్త పడతారో చూశారా? సిమెంటు, ఇసుక, కంకర, నీళ్లు, మిల్లరు, కూలీలు, అన్నీ సిద్ధమయ్యాకే మొదలుపెడతారు. మొదలుపెట్టాక చీకటిపడినా లైట్లు పెట్టి పూర్తిచేస్తారు. సగంలో ఆపితే నిన్నటి కాంక్రీటుకు ఈరోజుది అతకదు. ఆ అతుకు దగ్గరే వానాకాలం నీళ్లు కారతాయి. అప్‌డేట్ కూడా స్లాబ్ లాంటిదే. ముందు అన్నీ చూసుకో, మొదలుపెట్టాక ఆపకు.

అన్నీ అంటే ఏమిటి? మొదటిది, కరెంటు. మన దగ్గర ఈదురుగాలి వస్తే కరెంటు పోవడం మామూలే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే చాలదు. చాలా ఇన్వర్టర్లకు వెనక యూపీఎస్ అని, మరొకటి మామూలు అని ఒక మీట ఉంటుంది. మామూలులో ఉంటే ఫ్యాను ఆగినట్టే అనిపించదు గానీ, ఆ రెప్పపాటు గ్యాపుకే కంప్యూటర్లు, గేమ్ డబ్బాలు ఆగి లేస్తాయి. అప్‌డేట్ ముందు ఆ మీటను యూపీఎస్ వైపు పెట్టండి. ఇన్వర్టర్ లేకపోతే కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ చాలు. అదీ లేకపోతే మబ్బు లేని పూట చూసుకోండి.

రెండోది, దాచుకున్నది. ప్లేస్టేషన్ 4లో ఆటల ప్రగతిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే వీలుంది. అయిదు నిమిషాల పని. మా వాడు ఆ పని చేసి ఉంటే రెండేళ్ల బ్యాట్స్‌మన్ బతికేవాడు. ఫోన్ అప్‌డేట్‌కు ముందు ఫొటోలకూ ఇదే వర్తిస్తుంది.

మూడోది, రంగు. ఆపేశామనుకున్న డబ్బా మీద నారింజ రంగు దీపం వెలుగుతుంటే అది పూర్తిగా ఆగలేదు, కళ్లు మూసుకుని పని చేస్తూ ఉండొచ్చు. ప్లగ్గు తీయాలంటే ముందు పూర్తిగా ఆపండి.

ప్లేస్టేషన్ కాక ఎక్స్‌బాక్స్ ఉన్నవాళ్లకూ ఇలాంటి దారే ఉంది. ఎక్స్‌బాక్స్ వన్‌లో పెయిర్ బటన్, డిస్క్ బయటికి వచ్చే ఎజెక్ట్ బటన్ రెండూ పట్టుకుని పవర్ నొక్కాలి. డిస్క్ లేని సిరీస్ ఎస్‌లో పెయిర్ బటన్ ఒక్కటే. ఎక్స్‌బాక్స్‌కు పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. ప్లేస్టేషన్‌కు మాత్రం ఫ్యాట్ 32 గానీ ఎక్స్‌ఫ్యాట్ గానీ. ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు. ఫైలు ఎప్పుడూ తయారీదారుడి సొంత సైటు నుంచే దింపండి. ఎవరో పంపిన లింకుల్లో వచ్చేది మందో విషమో తెలియదు.

ఇన్ని చేసినా లేవకపోతే? చాలాసార్లు అసలు దోషం హార్డ్ డిస్క్‌ది అవుతుంది. ముసలిదైన డిస్క్ రోజూ ఎలాగో నెట్టుకొస్తుంది. అప్‌డేట్ లాంటి పెద్దపని మీద పడగానే కూలబడుతుంది. ప్లేస్టేషన్ 4లో డిస్క్ మార్చడం స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చినవాడికి పెద్ద పని కాదు. బోర్డు దాకా వెళ్లేముందు డిస్క్‌ను అనుమానించండి. మూత విప్పకుండా బోర్డు పోయిందనేవాడిని ఇంకా ముందు అనుమానించండి.

వారంటీలో ఉండగా, ఎవరూ ప్లగ్గు పీకకుండా, కంపెనీ పంపిన అప్‌డేట్‌తోనే బండబారితే మాత్రం డబ్బు పెట్టకండి. బిల్లు, తెర ఫొటో, తేదీ దాచుకోండి. ముందు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద, కారణం ఏర్పడిన 2 ఏళ్లలోగా ఫిర్యాదు చేయాలి. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు.

ఈ కష్టం ఎల్లకాలం ఉండదు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి కొన్ని ఫోన్లలో రెండు పలకల పద్ధతి వచ్చింది. ఒక పలక మీద మీరు పని చేసుకుంటుంటే, కొత్తది రెండో పలక మీద రాసుకుంటుంది. పూర్తయి, సరిచూసుకున్నాకే దానికి మారుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాత పలక చెక్కుచెదరదు. అన్ని యంత్రాలకూ ఇది వచ్చేదాకా జాగ్రత్త మనదే. మీరిప్పుడు వింటున్నది పాత ట్రాన్సిస్టరైతే మాత్రం మీకు ఏ బాధా లేదు. దానికి అప్‌డేట్ లేదు, నేను మాట్లాడుతుండగా తీసేసినా బండబారదు.

పోయిన నెల మళ్లీ తాండూరు వెళ్లాను. టీవీ వెనక ప్లగ్గుకు ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. చీటీ రాసి అంటించొచ్చు కదరా అన్నాను. "నాయనమ్మకు సదువు రాదు కదా మామా" అన్నాడు. అప్‌డేట్ పెట్టినప్పుడు వాడు ఎర్రగుడ్డ కడతాడు. అయిపోగానే విప్పుతాడు. ఎర్రగుడ్డ ఉంటే పిడుగు పడ్డా ఆమె ఆ ప్లగ్గు ముట్టదు. గుడ్డ లేకపోతే మొదటి ఉరుముకే పీకేస్తుంది.

మీ ఇంట్లోనూ యంత్రాలు రాసుకుంటూనే ఉంటాయి. ఈరోజే ఒక ఎర్రగుడ్డ పీలిక వెతికి పెట్టుకోండి. అది దేనికో ఇంట్లో అందరికీ, ముఖ్యంగా పెద్దవాళ్లకు, ఓపిగ్గా ఒకసారి చెప్పండి.